లెక్కల బాలుడు జార్జి బిడ్డర్

ఇంగ్లండు దేశపు నైరృతి భాగమున డెవన్ అను మండలము కలదు. అందు డార్ట్‌మూర్ అను విశాలమైన బీడునేల అంచున మోర్టన్‌హాంప్‌స్టెడ్ అను చిన్న ఊరు ఉన్నది. ఆ ఊర 1806వ సంవత్సరము జూన్ 14వ తేదీన ఒక తాపీమేస్త్రి ఇంట జార్జి పార్కర్ బిడ్డర్ జన్మించెను. తండ్రి పేరు విలియం. రాళ్లు పేర్చి గోడలు కట్టుట ఆయన వృత్తి. రెక్కల కష్టము మీద సంసారము నడుచుచుండెను. అట్టి ఇండ్లలో పుట్టిన పిల్లలకు ఆ కాలమున ఉన్నత విద్య అందని మ్రానిపండు.

అయినను ఈ బాలుడు పసితనముననే తన దేశపు రాణి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పెను. పెరిగి పెద్దవాడై రైలుమార్గములను, ఓడలరేవును నిర్మించెను. తన దేశములోని ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఇంతటి స్థితికి అతనిని తెచ్చినది గణితము. పలక, బలపము, కాగితము ఏదియు ముట్టకుండ అతడు పెద్ద పెద్ద గుణకారములను మనసులోనే చేసెడివాడు. ఆ శక్తి అతనికి ఎట్లు అబ్బెనో, అది వృథా కాకుండ నిలిచినది ఎట్లో తెలిసికొనుట విద్యార్థులకు మేలు చేయును.

బిడ్డరునకు సుమారు ఆరేండ్ల వయసున అతని అన్న లెక్కించుట నేర్పెను. మొదట ఒకటి నుండి పది వరకు, పిదప పది పదులుగా నూరు వరకు నేర్పి అన్న అంతటితో విడిచిపెట్టెను. తమ్ముడు విడువలేదు. నూరు వరకు ఒక్కొక్కటిగా లెక్కించుటకంటె పదులుగా లెక్కించుట సులభమని అతనికి తోచెను. అదే పనిగా మరల మరల లెక్కించి, ఆ సంఖ్యలతో అతడు చెలిమి చేసెను. ఏ సంఖ్యకు ఏది చుట్టమో, ఏది పొరుగో తనకు తెలియునన్నంతగా అవి అతనికి పరిచయమయ్యెను.

తరువాత అతడు బఠాణీలను, గోలీలను, తుదకు ఒక చిన్న సంచిలోని సీసపు గుండ్లను ఆటవస్తువులుగా చేసికొనెను. వానిని నేలపై వరుసలుగా పేర్చును. వరుసకు ఎనిమిది చొప్పున ఏడు వరుసలు పేర్చి మొత్తము లెక్కించును, ఏబదియారు వచ్చును. వరుసకు ఏడు చొప్పున ఎనిమిది వరుసలు పేర్చినను అంతియే వచ్చును. ఒకసారి లెక్కించి తెలిసికొన్న ఫలితము మరల మరచిపోవుట లేదు. ఒకవేళ మరచినను భయము లేదు; గుండ్లు పేర్చి చూచుకొనవచ్చును. ఇట్లు పది పదుల వరకు గల ఎక్కమును ఆ బాలుడు తనకు తానే తయారు చేసికొనెను.

ఇందొక విశేషము కలదు. అప్పటికి అతడు అంకెలు వ్రాయుట ఎరుగడు. ఏడు అను అంకె ఏ ఆకారమున ఉండునో తెలియకముందే ఏడు అనగా ఎంతయో అతనికి తెలిసెను. గుణించుట అను మాటకు అర్థము సైతము అతనికి చాలకాలమునకు గాని తెలియలేదు. మనము మొదట అంకెల రూపములు దిద్ది, ఎక్కములు వల్లించి, తరువాత వాని అర్థము తెలిసికొందుము. కొందరికి ఆ అర్థము ఎన్నటికిని తెలియకయే పోవును. బిడ్డర్ నడచిన త్రోవ దీనికి తలక్రిందులు. అతనికి మొదట వస్తువు, పిదప దాని లెక్క, చిట్టచివర దాని గుర్తు తెలిసెను.

వారి ఇంటి ఎదుట ఒక కమ్మరి కొలిమి ఉండెను. ఆ కమ్మరి వృద్ధుడు, సంతానము లేనివాడు. బాలుడు ఆయన వద్దకు పోయి తిత్తులు ఊదుచు, చలికాలపు సాయంకాలములందు కొలిమి గట్టున వెచ్చగా కూర్చుండి పెద్దల మాటలు వినుచు ప్రొద్దుపుచ్చెడివాడు. ఒకనాడు అచట చేరినవారిలో ఒకరు ఏదో లెక్క ప్రస్తావించిరి. గట్టున కూర్చున్న బాలుడు చటుక్కున సమాధానము చెప్పెను. పెద్దలు ఆశ్చర్యపడి మరి రెండు మూడు ప్రశ్నలు వేసిరి. అన్నిటికిని సరియైన జవాబులే వచ్చెను. అది మొదలు కొలిమికి వచ్చువారు అతనికి లెక్కలు ఇచ్చుటయు, చెప్పినప్పుడెల్ల చేతిలో చిల్లర కాసులు పెట్టుటయు పరిపాటి అయ్యెను. ఆ కాసులవలన గణితముపై తనకు ప్రీతి మరింత హెచ్చినదని బిడ్డర్ పెద్దవాడైన పిదప నవ్వుచు ఒప్పుకొనెను. ప్రశ్నలు పెద్దవైన కొలది అతని సంఖ్యలును పెద్దవగుచు వచ్చెను. నూరు దాటి వేయి, వేయి దాటి లక్షలు అతనికి వశమయ్యెను.

కొలిమి దగ్గరి మాట ఊరు దాటెను. తండ్రి కొడుకును వెంటబెట్టుకొని ఊరూర త్రిప్పి ప్రదర్శింప మొదలిడెను. ప్రకటనలలో అతనికి లెక్కల బాలుడను పేరు వచ్చెను. చూడవచ్చినవారు రుసుము చెల్లించి ప్రశ్నలు వేయుదురు. బాలుడు జవాబులు చెప్పును. రోజుకూలితో బ్రతుకు తాపీమేస్త్రికి అది ఊహింపని రాబడి. ఆయనను తప్పుపట్టుట సులభమే కాని, పేదరికము ఎరిగినవారు ఆ తండ్రి మనసును అర్థము చేసికొనగలరు. అయినను బాలునికి కలిగిన నష్టము చిన్నది కాదు. తోడి పిల్లలు బడిలో చదువుకొను వయసున అతడు బండ్లపై ఊళ్లు తిరుగుచుండెను.

అతని కీర్తి రాజభవనము వరకు ప్రాకెను. ఇంగ్లండు రాజగు మూడవ జార్జి భార్య షార్లెటు రాణి అతనిని ఒక ప్రశ్న అడిగెను. దేశమునకు నైరృతి కొనయగు లాండ్స్ ఎండ్ నుండి స్కాట్లండు ఉత్తరపు కొన వరకు 838 మైళ్లు. ఒక నత్త దినమునకు 8 అడుగుల చొప్పున ప్రాకిన ఆ దూరము గడచుటకు ఎన్ని దినములు పట్టును? బాలుడు 5,53,080 దినములని చెప్పెను.

ఈ లెక్కను మనమును నోటితో చేయవచ్చును. మైలు అనునది ఆంగ్లేయుల కొలత. అందు 5,280 అడుగులు కలవు. ముందుగా 5,280ని 8చే భాగించిన 660 వచ్చును. అనగా నత్తకు ఒక్కొక్క మైలునకు 660 దినములు పట్టును. ఇక 838ని 660తో గుణించుటయే మిగిలినది. 800 సార్లు 660 అనగా 5,28,000. 38 సార్లు 660 అనగా 25,080. రెండును కలిపిన 5,53,080. పాపము, ఆ నత్త గమ్యము చేరుటకు పదునైదు వందల సంవత్సరములకు పైగా పట్టును. గుణకారమునకు ముందే భాగహారము చేసికొనుటచే లెక్క ఎంత తేలికయైనదో గమనింపుడు.

యురేనస్ గ్రహమును 1781లో కనుగొన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్ సైతము బాలుని పరీక్షించెను. ఆయన ప్రశ్న ఇట్టిది. సూర్యుడు భూమికి 9 కోట్ల 80 లక్షల మైళ్ల దూరమున ఉన్నాడు. అతని వెలుగు మనలను చేరుటకు 8 నిమిషములు పట్టును. ఒక నక్షత్రపు వెలుగు మనలను చేరుటకు 6 సంవత్సరముల 4 నెలలు పట్టినచో ఆ నక్షత్రము ఎంత దూరమున ఉన్నది? సంవత్సరమునకు 365 దినముల 6 గంటలు, నెలకు 28 దినములు అని ఆయన నిర్ణయించి చెప్పెను. ఆనాటి అంచనాకును నేటి కొలతకును భేదము కలదు. సూర్యుని సగటు దూరము సుమారు 9 కోట్ల 30 లక్షల మైళ్లని, అనగా దాదాపు 15 కోట్ల కిలోమీటర్లని నేడు మనకు తెలియును. కాని లెక్కకు ఇచ్చిన సంఖ్యలే ప్రమాణము.

వెలుగు నిమిషమునకు 1 కోటి 22 లక్షల 50 వేల మైళ్లు పోవుచున్నదన్నమాట. ఆరు సంవత్సరములకు 2,191న్నర దినములు. నాలుగు నెలలకు 112 దినములు. మొత్తము 2,303న్నర దినములు. వానిని నిమిషములుగా మార్చిన 33,17,040 అగును. ఈ రెంటి లబ్ధము 4,06,33,74,00,00,000 మైళ్లు. మనము కాగితముపై వ్రాసికొనినను సున్నాల వద్ద తడబడుదుము. ఆ బాలుడు వ్రాయకయే సరియైన సమాధానము చెప్పెను.

చూచినవారందరు చప్పట్లు చరచి పోవుచుండిరి. కొందరు మాత్రము ఆలోచించిరి. అట్టివారిలో ఒకడు విలియం హెర్షెల్ కుమారుడగు జాన్ హెర్షెల్. అతడు అప్పుడు కేంబ్రిడ్జిలోని విద్వాంసులలో ఒకడు. ఇంతటి బుద్ధిమంతుడు చదువులేక చెడిపోవుట వారికి బాధ కలిగించెను. వారు పూనుకొని ధనము సమకూర్చి బాలుని కాంబర్‌వెల్ అను చోట ఒక బడిలో చేర్పించిరి. కాని తండ్రి ఒక యేడాది గడచునప్పటికి కొడుకును బడి మాన్పించి, మరల ప్రదర్శనలకు తీసికొనిపోయెను.

ఆ కాలముననే జెరా కోల్‌బర్న్ అను మరియొక లెక్కల బాలుడు ఉండెను. అతడు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున 1804లో పుట్టెను. అతనిని కూడ తండ్రి చిన్ననాడే ప్రదర్శనలకు పెట్టి, సముద్రము దాటించి ఐరోపాకు తెచ్చెను. 1818లో ఈ బాలు రిద్దరిని ఎదురెదురుగా నిలిపి పరీక్షించిరి. అందు బిడ్డరుదే పైచేయి అని చూచినవారు తలచిరి. కోల్‌బర్న్ కూడ అద్భుతమైన శక్తి గలవాడే. కాని అతని బాల్యము ఊళ్లు తిరుగుటతోను, మధ్య మధ్య తెగిపోయిన చదువుతోను గడచిపోయెను. పెరిగిన కొలది లెక్కలు చేయు శక్తి అతనిని విడిచిపోయెను. తరువాత అతడు మతబోధకుడుగాను, భాషలు నేర్పు ఉపాధ్యాయుడుగాను జీవించి 1839లో ముప్పదినాలుగేండ్లకే మరణించెను. బిడ్డర్ గతియు అట్లే అయియుండెడిదేమో. లోకము వినోదముగా చూచు శక్తి లోకమునకు ఉపయోగపడు విద్యగా మారనియెడల, ప్రేక్షకులు లేచిపోవుటతోనే అదియు ముగిసిపోవును.

అదృష్టవశమున బిడ్డరును కాపాడువారు మరల దొరికిరి. తిరుగుచు తిరుగుచు తండ్రీకొడుకులు స్కాట్లండులోని ఎడింబరో నగరమునకు వచ్చిరి. అచటి ప్రముఖుడగు సర్ హెన్రీ జార్డిన్ బాలుని చూచి ముచ్చటపడి ఊరకుండలేదు. తన మిత్రులను కూడగట్టి ఖర్చు భరించుటకు ఏర్పాటు చేసెను. ఈసారి ప్రదర్శనలు నిలిచెను. బాలుని మొదట ఒక ఉపాధ్యాయుని వద్ద ఉంచి చదివించి, 1820లో ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పంపిరి. రెండేండ్లకు, 1822లో, ఉన్నత గణితమున బిడ్డర్ అచట బహుమానము పొందెను. మనసులో లెక్కలు కట్టుట మాత్రమే ఎరిగిన బాలుడు రేఖాగణితము, బీజగణితము నేర్చిన విద్యార్థి అయ్యెను.

ఈ మేలును అతడు మరువలేదు. తాను సంపాదనపరుడైన పిదప 1846లో ఆ విశ్వవిద్యాలయమున పేద విద్యార్థులకు ఒక విద్యార్థివేతనము నెలకొల్పెను. దానికి తన పేరు పెట్టుకొనలేదు. జార్డిన్ పేరు పెట్టెను.

చదువు ముగించి 1824లో బిడ్డర్ ప్రభుత్వపు భూమి కొలతల శాఖలో చేరెను. కొలత గొలుసు పట్టుకొని కొండలు, గుట్టలు తిరిగెను. తరువాత ఇంజనీరు వృత్తిలో ప్రవేశించెను. రైలుబండిని లోకమునకు అందించినవారిలో అగ్రగణ్యుడగు జార్జి స్టీఫెన్‌సన్ కుమారుడు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఎడింబరోలో బిడ్డరునకు సహాధ్యాయి. ఆ స్నేహము జీవితాంతము నిలిచెను. 1834 నుండి బిడ్డర్ అతనితో కలిసి లండను బర్మింగుహాము రైలుమార్గపు పనులలో పాల్గొనెను. 1846లో స్థాపింపబడిన విద్యుత్తంతి వార్తల సంస్థకు అతడు మూలపురుషులలో ఒకడు. నార్వే దేశమున మొదటి రైలుమార్గము 1854లో వీరిరువురి ఆధ్వర్యమున పూర్తి అయ్యెను. 1855లో లండనుకు తూర్పున థేమ్సు నది ఒడ్డున తెరవబడిన విక్టోరియా ఓడలరేవు బిడ్డర్ పర్యవేక్షణలో నిర్మింపబడినదే. 1860లో అతడు సివిల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను.

ఇంజనీరు పనిలో బాల్యపు విద్య అక్కరకు వచ్చెను. ఆ దినములలో క్రొత్త రైలుమార్గము వేయవలెనన్న పార్లమెంటు అనుమతి పొందవలెను. సభాసంఘము ఎదుట ఒక పక్షమువారు తమ పథకమును సమర్థింతురు. ఎదుటి పక్షమువారు ఖండింతురు. ఎత్తుపల్లముల కొలతలు, త్రవ్వవలసిన మట్టి, కావలసిన ధనము అన్నియు అంకెలతోనే తేలవలెను. ఎదుటివారు ఒక లెక్క చదివి ముగించులోపుననే బిడ్డర్ దానిని మనసులో సరిచూచి తప్పు పట్టుకొనెడివాడు. ప్రకృతి ఈయనకు ఇచ్చిన శక్తివలన తమకు అన్యాయము జరుగుచున్నది కావున ఈయనను గదిలో ఉండనీయరాదని ఒక న్యాయవాది మొరపెట్టుకొనెనని చెప్పుదురు.

1856 ఫిబ్రవరిలో బిడ్డర్ ఇంజనీర్ల సంస్థలో మనోగణితమును గూర్చి ఉపన్యసించెను. తన శక్తిలో దాపరికము ఏమియు లేదని, తన జ్ఞాపకశక్తి ఇతరుల జ్ఞాపకశక్తికంటె గొప్పది కాదని, శ్రద్ధగల బాలునికి ఎవనికైనను ఈ విద్యను నేర్పవచ్చునని అతని అభిప్రాయము. అంకెలు వ్రాయుట నేర్పుటకు ముందే వస్తువుల సాయమున లెక్కించుట నేర్పవలెనని అతడు వాదించెను. ఇంద్రజాలికుడు తన గుట్టు విప్పడు, గురువు విప్పును. ఆనాడు బిడ్డర్ గురువు స్థానమున నిలిచెను.

అతని మార్గములోని ముఖ్య విషయము ఇది. కాగితముపై మనము కుడినుండి ఎడమకు, చిన్న స్థానమునుండి పెద్ద స్థానమునకు గుణింతుము. బిడ్డర్ ఎడమనుండి కుడికి, పెద్ద స్థానమునుండి చిన్న స్థానమునకు గుణించును. ప్రతి మెట్టునందును వచ్చిన ఫలితమును వెంటనే వెనుకటి మొత్తమునకు కలిపివేయును. కలిపిన పిదప పాత మొత్తమును మరచిపోవును. మనసులో ఎప్పుడును నిలుపుకొనవలసినది ఒకే ఒక్క సంఖ్య.

ఉదాహరణకు 173ను 397తో గుణింపవలెను. 100 సార్లు 397 అనగా 39,700. 70 సార్లు 300 అనగా 21,000, కలిపిన 60,700. 70 సార్లు 90 అనగా 6,300, కలిపిన 67,000. 70 సార్లు 7 అనగా 490, కలిపిన 67,490. 3 సార్లు 300 అనగా 900; కలిపిన 68,390. 3 సార్లు 90 అనగా 270, కలిపిన 68,660. 3 సార్లు 7 అనగా 21, కలిపిన 68,681. ఇదియే సమాధానము. ఇందు కష్టమైన మెట్టు ఒక్కటియు లేదు. పెద్ద భాగము ముందే చేతికి వచ్చుటచే, నడుమ ఆపినను సమాధానము ఇంచుమించుగా ఎంతయో తెలిసియే ఉండును. కుడినుండి మొదలిడినవానికి ఒకట్లు, పదులు తెలియును గాని, లబ్ధము వేలలో ఉన్నదో లక్షలలో ఉన్నదో చివరి వరకు తెలియదు.

సంఖ్యల చుట్టరికములు తెలిసినవాడు ఈ లెక్కనే మరింత తేలికగా చేయగలడు. 397 అనునది 400కు పొరుగున ఉన్నది, తక్కువ మూడే. కావున 397కు మారుగా 400 తీసికొనుము. 173ను 400తో గుణించిన 69,200. మనము మూడు సార్లు ఎక్కువగా గుణించితిమి. ఆ మూడు సార్లు 173 అనగా 519ని తీసివేయుము. 68,681 వచ్చును. ఏడు మెట్ల పని రెండు మెట్లలో ముగిసినది. సంఖ్యను దగ్గరి నిండుసంఖ్యకు సవరించి, ఎక్కువైనదానిని తీసివేయుట, తక్కువైనదానిని చేర్చుట ఇందలి కిటుకు. 98 రూపాయల వస్తువులు ఏడు కొన్నచో, ఏడు నూర్ల నుండి ఏడు రెండ్లు పదునాలుగు తీసి, 686 రూపాయలని దుకాణదారుడు చెప్పుట మనము వినుచునే ఉందుము.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. 48ని 99తో గుణించుటకు 100తో గుణించి 4,800 తెచ్చుకొని, ఒకటి ఎక్కువైనది గదా అని ఒకటి మాత్రము తీసివేయు విద్యార్థులు ఉందురు. ఎక్కువైనది ఒకటి కాదు, ఒక 48. కావున 4,752 సరియైన జవాబు. గోలీలు పేర్చి చూచిన ఇది కంటికి కట్టును. వరుసకు 48 గోలీల చొప్పున నూరు వరుసలు ఉన్నవి. తీయవలసినది ఒక వరుస గాని, ఒక గోలీ కాదు. చిన్ననాడు సీసపు గుండ్లతో ఆడిన బిడ్డరునకు ఇట్టి పొరపాటు కలలోనైనను కలుగదు.

ఈ పద్ధతి మన దేశమునకు క్రొత్త కాదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతి గ్రంథమున గుణకారమునకు పెక్కు మార్గములు చెప్పబడెను. గుణకమునకు ఇష్టమైన సంఖ్యను చేర్చియో, తగ్గించియో గుణించి, ఆ భేదమును తరువాత సవరించుకొనుట అందొకటి. అందలి ఉదాహరణము 135ను 12తో గుణించుట. 12కు 8 చేర్చిన 20 అగును. 135ను 20తో గుణించిన 2,700. ఎక్కువైన 8 సార్లు 135 అనగా 1,080 తీసివేసిన 1,620 మిగులును. డెవన్ బాలుడు లీలావతిని చూచి ఎరుగడు. అయినను సంఖ్యలను శ్రద్ధగా గమనించువారు ఏ దేశమున పుట్టినను ఒకే త్రోవకు చేరుదురు.

బిడ్డర్ తన శక్తికి గల హద్దులనుకూడ దాచలేదు. మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో గుణించుటకు తొమ్మిది చిన్న గుణకారములు కావలెను. ఆరంకెలను ఆరంకెలతో గుణించుటకు ముప్పదియారు కావలెను. అంకెలు రెట్టింపైన పని నాలుగింతలగును. అంతేకాక, నిలుపుకొనవలసిన సంఖ్యయు పెద్దదగుటచే మనసునకు కలుగు శ్రమ అంతకు మించి పెరుగును. అందువలన గొప్ప గొప్ప సంఖ్యలతో విన్యాసములు చేయుటకంటె, నిత్యజీవితమునకు కావలసిన లెక్కలను చురుకుగా, తప్పు లేక చేయుట మేలని అతడు గ్రహించెను.

వృద్ధాప్యమునను బిడ్డర్ బుద్ధి మందగింపలేదు. అతడు తన స్వస్థలమగు డెవన్ మండలములోని డార్ట్‌మత్ పట్టణమున 1878 సెప్టెంబరులో మరణించెను. మరణమునకు రెండు దినములు ముందు ఒక మిత్రుడు వెలుగును గూర్చి మాటలాడుచుండెను. ఎర్రని వెలుగు ఒక అంగుళమునకు 36,918 తరంగములుగా ఉండును. వెలుగు సెకనునకు 1,90,000 మైళ్లు పోవును. అట్లయిన ఒక సెకనులో కంటికి ఎన్ని తరంగములు తగులునో లెక్కింపవలెనని ఆ మిత్రుడు పెన్సిలు తీసెను. బిడ్డర్ దానితో పనిలేదని చెప్పి 44,44,33,65,12,00,000 అను సమాధానమును నోటితో చెప్పెను. వెలుగు వేగము సెకనునకు సుమారు 1,86,282 మైళ్లని నేటి శాస్త్రము తేల్చినది. కాని మిత్రుడు ఇచ్చిన సంఖ్యలకు బిడ్డర్ చెప్పిన లబ్ధము అక్షరాల సరియైనది. కావలసినవారు తీరికగా కాగితముపై గుణించి చూచుకొనవచ్చును.

కోల్‌బర్న్‌కును బిడ్డరునకును పుట్టుకతో వచ్చిన శక్తి ఇంచుమించు సమానమే. ఇరువురి తండ్రులును వారిని ప్రదర్శించినవారే. ఒకని శక్తి యౌవనముననే ఆరిపోయెను. మరియొకనిది డెబ్బదిరెండేండ్ల వరకు వెలిగెను. నడుమ నిలిచినది చదువు. ఆ చదువును చెప్పించిన కొందరు సజ్జనుల పూనిక. ప్రతిభ గల పేద బాలుడు కనబడినప్పుడు చప్పట్లు చరచువారు పలువురు ఉందురు. వానిని బడికి పంపువారు కొందరే. ఆ కొందరి వలననే లోకమునకు బిడ్డర్ దక్కెను.